గోడ మీద లేని కార్డు

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మా ఆఫీసులో మూడు టీములు కాస్తా తొమ్మిదయ్యాయి.

మేం ఆసుపత్రులకి సాఫ్ట్‌వేరు రాస్తాం. మూడు టీములున్నన్నాళ్లు అందరం ఒకే హాల్లో కూర్చునేవాళ్లం. ఏదైనా సందేహం వస్తే కుర్చీ వెనక్కి తిప్పి అడిగేవాళ్లం. అవతలివాళ్లు కుర్చీ తిప్పకుండానే జవాబు చెప్పేవాళ్లు. పెద్ద ఆసుపత్రి ఒకటి మా దగ్గర పని చేయించుకోవడానికి ఒప్పుకోగానే మనుషులు డెబ్బైమందయ్యారు, హాలు చాలక కింది అంతస్తు కూడా తీసుకున్నారు. ఇక కుర్చీ ఎంత తిప్పినా ఎవరూ కనపడేవారు కాదు.

ఇంతమందిని ఒక దారిన నడిపించడానికి కొత్తగా ఒకాయన వచ్చాడు. తొమ్మిది టీములనీ కలిపి రైలు అనాలని ఆయనే చెప్పాడు. అన్నీ ఒకేసారి బయల్దేరాలి, ఒకేసారి చేరాలి, ఏ పెట్టె వెనకబడినా రైలు వెనకబడినట్టేనట. మేం ఆయనకి గార్డు అని పేరు పెట్టాం. ఆ సంగతి తెలిసి కోప్పడతాడనుకుంటే, మర్నాడు జేబులో ఈల వేసుకుని వచ్చాడు.

రెండు రోజులు పని మానేసి అందరం పెద్ద హాల్లో చేరాం. రాబోయే పది వారాల్లో ఎవరేం చేయాలో కార్డుల మీద రాసి గోడకి అతికించాం. టీముకో వరస. ఒక టీము పని ఇంకో టీము పని మీద ఆధారపడితే ఆ రెండు కార్డులకీ మధ్య ఎర్రదారం కట్టాలి. మధ్యాహ్నానికి ఆ గోడ పిల్లి ఆడుకుని వదిలేసిన ఉన్నిబంతిలా తయారైంది.

వార్డు టీముకి నేను పెద్దని. డాక్టరు రాసిన మందులు నర్సుల కంప్యూటర్లో కనిపించేలా చేసి, మందుల గదికి పంపడం మా పని. అక్కడ వాటిని అందుకుని, అరలోంచి ఏం తీసివ్వాలో చూపించడం మందుల టీము పని. దానికి పెద్ద మా ఆయన.

మా రెండు వరసలూ గోడ మీద పక్కపక్కనే ఉన్నాయి. నేను దారం తీసుకుని రెండు కార్డులకీ కట్టబోతుంటే వెనకనుంచి ఎవరో అన్నారు, "మీ ఇద్దరికీ దారమెందుకు మేడం, మూడు ముళ్లూ ఎప్పుడో పడ్డాయిగా."

హాలంతా నవ్వింది. మా ఆయనా నవ్వాడు, నేనూ నవ్వాను. దారం కట్టకుండా మళ్లీ డబ్బాలో పడేశాను.

సాయంత్రం గార్డు, అందరూ ఒప్పుకునే నియమం ఒకటి చెప్పమన్నాడు. మా ఆయన లేచాడు. "గోడ మీద లేనిది లేనట్టే అనుకుందాం సార్. లేదంటే మీరన్నారు, నేనన్నాను అని చివర్లో జుట్టూ జుట్టూ పట్టుకుంటాం." గార్డుకి అది తెగ నచ్చింది. లావుపాటి అక్షరాల్లో రాసి గోడ నెత్తిన అతికించాడు. ఆ తర్వాత, ఈ పని పది వారాల్లో అవుతుందని ఎవరికెంత నమ్మకముందో వేళ్లతో చూపమన్నాడు. మా ఆయన వెంటనే ఐదు వేళ్లూ ఎత్తాడు. మూడు ఎత్తినవాళ్లు అటు చూసి నాలుగోదీ ఎత్తారు. వాళ్లలో నేనొకదాన్ని.

ఆఫీసులో మా ఆయనకి మంచి పేరు. ఎవరేం చెప్పినా చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకుంటాడు. చిన్న ఉద్యోగి మాటైనా సరే, పూర్తిగా విని, చదివి వినిపించి, "ఇంతేనా?" అని అడుగుతాడు. మా టీములో వాళ్లు కూడా, "మేడం, మీరు అదృష్టవంతులు" అనేవాళ్లు. నేను కాదనేదాన్ని కాదు.

ఇంట్లో మేం ముగ్గురం. మూడోమనిషి మా అత్తయ్య. ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరైంది. పొద్దున్నే ఏడున్నరకి మా ఆయన గిన్నెలు తోముతాడు, నేను తుడిచి అరల్లో సర్దుతాను, అత్తయ్య వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ముందురోజు బట్టలు మడతపెడుతుంది. వానల్లో బట్టలు ఒక పట్టాన ఆరవు కాబట్టి ఒక్కొక్కదాన్నీ చెంపకి ఆనించి చూసేది. రోజు మొత్తంలో మేం మాట్లాడుకునేది ఆ ఇరవై నిమిషాలే.

మూడో వారంలో రెండు విషయాలు వచ్చిపడ్డాయి.

మొదటిది మాత్రల సంగతి. అప్పటిదాకా మా టీము మందుల గదికి ఎన్ని మాత్రలివ్వాలో పంపేది. డాక్టర్లు రాసేది మాత్రల్లో కాదు, మిల్లీగ్రాముల్లోనని ఆసుపత్రివాళ్లు చెప్పారు. సరేనని మా వైపు మార్చేశాం. మా టీములో తప్పులు పట్టే అమ్మాయి ఒకతి ఉంది. అన్నం ఉడికిందన్నా మెతుకు పట్టి చూసే రకం. ఆమెని అనుమానం అని పిలుస్తాం, మొహం మీదే పిలుస్తాం. ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మందుల టీముకి కార్డు పెట్టమంటారా మేడం?"

"ఎందుకులే. పొద్దున్న నేనే చెప్తాను."

"గోడ మీద లేనిది లేనట్టే అన్నారు కదా."

"అన్నాయన మా ఇంట్లోనే ఉన్నాడమ్మా" అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

రెండోది నా సంగతి. గార్డు నన్ను కాఫీ యంత్రం పక్కకి పిలిచి, ఇంకో ఊళ్లో కొత్త ఆఫీసు తెరుస్తున్నామని, అక్కడ మూడు టీములు మొదలుపెట్టడానికి ఒక మనిషి కావాలని చెప్పాడు. ఏడాది పని. ఆ ఊరు రైల్లో ఏడు గంటల దూరం. సోమవారం నుంచి గురువారం దాకా అక్కడ, మిగతా రోజులు ఇక్కడ.

"ఈ రిలీజు అయ్యాక చెప్పండి. ఇంట్లో మాట్లాడుకోండి" అన్నాడు.

ఇంటికి వెళ్తూ బస్సులో కిటికీ అద్దం మీద నీళ్లు జారుతుంటే చూస్తూ కూర్చున్నాను. వెళ్లాలని ఉంది. చిన్నపిల్లలకి ఉన్నట్టు ఉంది. మా ఆయన వద్దంటాడేమోనని భయంగానూ ఉంది.

మర్నాడు పొద్దున్న గిన్నెల దగ్గర మూడు మాటలు చెప్పాను. స్నానాలగదిలో కుళాయి కారుతోంది, బాగుచేసే అతను శనివారం పదింటికి వస్తాడు, ఇంట్లో ఉండమన్నాను. "సరే" అన్నాడు మా ఆయన. మేం ఇక మాత్రల లెక్క పంపం, మిల్లీగ్రాములే పంపుతాం, మీ వైపు మార్చుకోమన్నాను. "సరే" అన్నాడు. అప్పుడు చేతిలోని పళ్లేన్ని మూడుసార్లు తుడిచి, గార్డు చెప్పిందంతా చెప్పాను. ఏడాది అన్నాను, నాలుగు రోజులన్నాను, నాకు వెళ్లాలని ఉందని కూడా అన్నాను.

"సరే" అని కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు.

మనసు చివుక్కుమంది. వద్దంటాడని భయపడినదాన్ని, అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఏం తోచలేదు. కనీసం అంత దూరమా అనైనా అనలేదు. పోనీలే, అడ్డుపడేవాడికన్నా నయం కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ మాట మళ్లీ ఆయనే ఎత్తుతాడని చూశాను. ఎత్తలేదు. నేనూ బింకానికి పోయి ఎత్తలేదు.

శనివారం పదింటికి కుళాయి అతను వచ్చేసరికి మా ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లాడు. అత్తయ్యే తలుపు తీసింది. దానికీ నేనేం అనుకోలేదు.

రెండు వారాలకోసారి ప్రతి టీమూ తన పని చూపించింది. ప్రతిసారీ తొమ్మిది వరసల పక్కనా తొమ్మిది పచ్చ చుక్కలు పడ్డాయి. ఎవరి నమూనాలతో వాళ్లే పరీక్షించుకుంటే పచ్చ చుక్క కాక మరేం పడుతుంది. అన్నింటినీ కలిపి చూద్దామని గార్డు మొదటినుంచీ పోరుతూనే ఉన్నాడు. అందుకు కావలసిన కంప్యూటర్లు వచ్చేసరికి ఎనిమిదో వారం అయింది.

ఆ రోజు ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు ఒకావిడ వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒళ్లో తడిసిన గొడుగు. తొమ్మిది టీములూ వెనక నిలబడ్డాయి. ఆవిడే డాక్టరు స్థానంలో ఒక మందు రాసింది. జ్వరం మాత్ర, ఐదువందల మిల్లీగ్రాములు, ఒక్కసారి. మా తెర మీద చక్కగా కనపడింది. ఒక క్షణం తర్వాత మందుల గది తెర మీద పడింది: ఐదువందల మాత్రలు ఇవ్వాలి.

పక్క తెర మీద అరలోని మాత్రలన్నీ అయిపోయాయని, ఇంకా తెప్పించమని ఎర్రగా వెలగడం మొదలైంది.

"ఈ పేషెంటుకి సంచి కూడా ఇవ్వండి" అంది హెడ్ నర్సు. అని, నవ్వకుండా మా అందరి వైపూ తిరిగింది. "ఇది నిజం వార్డయితే, రాత్రి డ్యూటీలో కొత్త పిల్ల ఉంటే?"

ఆవిడ వెళ్లాక గార్డు మమ్మల్నందరినీ గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఈల వేయలేదు. మా రెండు వరసల మధ్యా వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ దారం లేదు. కార్డూ లేదు. లెక్క మారిందని మందుల టీముకి తెలుసా?"

మా ఆయన నోటుబుక్కు తీశాడు. వెనక్కి వెనక్కి పేజీలు తిప్పాడు. "నా పుస్తకంలో లేదు సార్. గోడ మీదా లేదు" అన్నాడు. నా వైపు చూశాడు, ఏ టీము పెద్దనైనా చూసినట్టే. అబద్ధం చెప్తున్న మొహం కాదది. అబద్ధం చెప్తే నాకు తెలిసిపోతుంది. ఆయనకి నిజంగానే గుర్తులేదు.

అనుమానం నోరు తెరవబోయింది. నేను ఆమె మోచేయి పట్టుకున్నాను. గిన్నెలు తుడుస్తూ చెప్పానని డెబ్బైమంది ముందు ఏమని చెప్పను?

"కార్డు పెట్టాల్సింది మేం. పెట్టలేదు. తప్పు నాది" అన్నాను.

రిలీజు మూడు వారాలు వెనక్కి వెళ్లింది. గోడ మీద మా వరస పక్కన పచ్చ చుక్క తీసి ఎర్రది పెట్టారు. కొత్త ఊరి సంగతి ఇక నీళ్లొదులుకోవాల్సిందే అనుకున్నాను. తొమ్మిది టీముల రైలు ఆపినదాని చేతిలో ఇంకో మూడు టీములు ఎవరు పెడతారు?

సాయంత్రం ఒకే గొడుగు కింద బస్సు కోసం నిలబడ్డాం. "అసలు నువ్వు కార్డు ఎలా మర్చిపోయావు? నువ్వలాంటివి మర్చిపోవే" అన్నాడు మా ఆయన. జాలిగానే అన్నాడు.

"నీకు చెప్పాను."

"ఎప్పుడు?"

"గిన్నెలు తోముతున్నప్పుడు. సరే అన్నావు."

"చెప్పుంటే గుర్తుండేది" అన్నాడు. బస్సు వచ్చింది.

ఇల్లు చేరాక కూడా ఆ మాట వదలలేదు. చెప్పులు విప్పుతూనే వాళ్లమ్మని అడిగాడు. "అమ్మా, మాత్రలు, మిల్లీగ్రాములు అని ఇది నాకేమైనా చెప్పిందా?"

"చెప్పింది. మందుల మాట నా చెవిన పడితే పోతుందా? నేనిక్కడే కూర్చుని దుప్పటి మడతపెడుతున్నాను. నువ్వు సరే అన్నావు."

మా ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత నవ్వేశాడు. "అయితే అనే ఉంటాన్లే. పొద్దునపూట నా బుర్ర ఇంట్లో ఉంటుందా అమ్మా? కుళాయి మోతలో సగం వినపడదు. అన్నిటికీ సరే అంటాను. ఇదేమైనా మీటింగా, పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి?"

"అన్నిటికీనా?" అంది అత్తయ్య.

ఆమె చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది. మా ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను గొడుగు ఆరబెట్టే వంకతో బాల్కనీలోకి వెళ్లాను.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. వినని మనిషి మీద ఎంత వచ్చిందో, విన్నాడనుకుని ఐదు వారాలు బెట్టు చేసిన నా మీదా అంతే వచ్చింది. పెళ్లయిన ఆరేళ్లలో ఆ గిన్నెల దగ్గర ఇంకేమేం చెప్పానో, దేనికేం సరే అన్నాడో ఒక్కొక్కటే గుర్తుచేసుకుందామనుకున్నాను. నాలుగైదు గుర్తొచ్చేసరికి భయమేసి మానేశాను.

అత్తయ్య వెనకే వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడింది.

"మా వార్డులో డ్యూటీ దిగే నర్సు చెప్పేది, ఎక్కే నర్సు మళ్లీ అదంతా తన నోటితో చెప్పేది. ఏ మంచం, ఏ మందు, ఎంత. తిరిగి చెప్పించుకోకుండా నేను ఏనాడూ మెట్లు దిగలేదు. నువ్వు చెప్పావే గానీ అప్పజెప్పలేదు అమ్మాయ్."

"ఇంట్లో కూడానా అత్తయ్యా?"

"వాడి నాన్నకి నేనూ చెప్పలేదులే అలా" అని కాసేపు వాన వైపు చూసింది. "ఆ రోజు ఇంకోటి కూడా చెప్పావుగా. వాడికి నేను చెప్పనా?"

"వద్దు. నేనే చెప్తాను" అన్నాను.

వెంటనే మాత్రం చెప్పలేదు. పోయిన ఉద్యోగం గురించి చెప్పి జాలిపడేలా చేసుకోవడం నాకిష్టం లేకపోయింది.

మర్నాడు గోడ దగ్గర అత్తయ్య పద్ధతి గార్డుకి చెప్పాను. పేరు చెప్పలేదు, ఒక నర్సు చెప్పిందన్నాను. కార్డు పెడితే చాలదు, దాన్ని అందుకున్న టీము మనిషి వచ్చి అందులో ఏముందో తన మాటల్లో తిరిగి చెప్పాలి, చెప్పాక ఇద్దరూ సంతకం పెట్టాలి. మొదట్లో జనం ముసిముసిగా నవ్వారు. మొదటివారంలోనే పదకొండు కార్డులు తేడాగా అర్థమయ్యాయని తేలేసరికి నవ్వులు ఆగిపోయాయి. మా రెండు వరసల మధ్య ఎర్రదారం నేనే కట్టాను. మా ఆయన గోడ దగ్గరికి వచ్చి, మిల్లీగ్రాముల కార్డు మొత్తం పొల్లుపోకుండా తిరిగి చెప్పి, సంతకం పెట్టి, "ఇంతేనా?" అన్నాడు. ఆయన గొంతు ఎంత శ్రద్ధగా ఉంటుందో ఆ రోజు దగ్గరగా విన్నాను.

మూడు వారాల తర్వాత హెడ్ నర్సు మళ్లీ వచ్చింది. అదే మందు రాసింది. ఒక మాత్ర అని పడింది. ఆవిడ గొడుగు తెచ్చుకోలేదు, వానలు వెనకబట్టాయి. గార్డు అప్పుడు ఈల వేశాడు.

ఆ గందరగోళంలోనే నన్ను కాఫీ యంత్రం దగ్గరికి పిలిచాడు. "మీరింకా నాకు జవాబు చెప్పలేదు."

"ఆ పని నాకింకా ఉందా సార్?"

"తప్పు నాది అని ఈ తొమ్మిది టీముల్లో అన్న మనిషి మీరొక్కరే. నాకు ఇంకెవరు కావాలి?"

వెళ్తానని చెప్పేశాను. రెండో ఆలోచన చేయలేదు.

"ఇంట్లో చెప్పారా?"

"ఒకసారి చెప్పాను. ఇంకోసారి చెప్పాలి."

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి మా ఆయన గిన్నెల దగ్గర నిలబడ్డాడు. కిటికీలోంచి చాలా రోజులకి ఎండ పడింది. అత్తయ్య గుమ్మం పక్కన బట్టలతో కూర్చుంది. ఆ రోజు అవి చెంపకి ఆనించి చూడాల్సిన పని లేదు.

నేను తువ్వాలు భుజాన వేసుకుని చెప్పాను. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి నేను ఇంకో ఊళ్లో, మన కొత్త ఆఫీసులో పని చేస్తాను. వారానికి నాలుగు రోజులు. ఏడాది పాటు.

"సరే" అన్నాడు, గిన్నె తోముతూ.

చెయ్యి చాచి కుళాయి కట్టేశాను. వంటిల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఏం చెప్పానో చెప్పు."

ఆటపట్టిస్తున్నాననుకున్నాడు. గార్డు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, నవ్వుతూ మొదలుపెట్టాడు. "వచ్చే నెల మొదటి సోమవారం నుంచి నువ్వు..." చెవిలో మిగిలిన మాటలు ఒక్కొక్కటే నోట్లోకి వస్తున్నాయి. "ఇంకో ఊళ్లో... వారానికి నాలుగు..."

అక్కడ ఆగాడు. నవ్వు మొహం మీద ఇంకా ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు. చేతిలోంచి సబ్బునీళ్లు కారి నేల మీద పడుతున్నాయి.

"ఇది... ఇది ఎప్పటి సంగతి?"

"వానలు మొదలైన మూడో వారం. గార్డు అడిగిన మర్నాడే ఇక్కడే నిలబడి నీకు చెప్పాను. వెళ్లాలని ఉందని కూడా చెప్పాను. నిన్న ఆయనకి వస్తానన్నాను."

"నేనేమన్నాను?"

గుమ్మం దగ్గర అత్తయ్య చొక్కా చేతులు లోపలికి మడిచి, తల ఎత్తకుండానే అంది.

"సరే అన్నావు."

మా ఆయన ఈసారి సరే అనలేదు. గిన్నె కిందపెట్టాడు. చెయ్యి అలవాటుగా చొక్కా జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తడిచేతులతోనే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"మొదటినుంచీ చెప్పు" అన్నాడు.

మొదటినుంచీ చెప్పాను. మధ్యమధ్యలో ఆపి అడిగాడు. ఎక్కడుంటావన్నాడు, అంత దూరమా అన్నాడు. ఆ రోజు తొమ్మిదింబావు మీటింగు మేమిద్దరం లేకుండానే అయిపోయింది.